దిగుడులో గేరు

2019 ఫిబ్రవరి పన్నెండు, మంగళవారం. ఆ పొద్దున తిన్నది సర్వపిండి, పక్కన ఎల్లిపాయ కారం. పుష్ప వాళ్లమ్మ సత్తమ్మ చీకటితోనే లేచి కాల్చి, స్టీలు డబ్బాలో సర్ది పంపింది. మూత తీస్తే పైన ఒక ముక్క విడిగా కాగితంలో చుట్టి ఉంది. అందులో మిరపకాయ లేదు. నాకు కడుపులో మంట అని పుష్ప ఇంట్లో మాటవరసకు ఎప్పుడో అన్నదట. నన్ను ఒక్కసారి కూడా చూడని మనిషి అది గుర్తుపెట్టుకుని నా కోసం వేరుగా పిండి కలిపింది. ఇలాంటిది రోజుకొకటి దొరికితే ఆ రోజు గడిచిపోతుంది.

కానీ ఆ ముక్కలో సగమే తినగలిగాను. ఎందుకో తెలియాలంటే కథ ఎక్కడ దాకా వచ్చిందో చెప్పాలి.

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సరుకు మోసే రవాణా కంపెనీ ఒకటి, జర్మన్ ఇంజన్లున్న ఏడు ట్యాంకర్ లారీలు తెచ్చింది. వాటితో పాటు డ్రైవర్ల కోసం ఒక పుస్తకం వచ్చింది. తక్కువ డీజిల్‌తో బండి ఎట్లా నడపాలో చెప్పే పుస్తకం. అంతా జర్మన్ భాష. అది తెలుగు చేసే పని నాకు అప్పగించారు. నేను ఇస్రాయేలును. బీఎస్సీ చదివి అదే ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒకప్పుడు పెద్ద బట్టీ బిగించడానికి జర్మనీ నుంచి ఇంజనీర్లు వచ్చి రెండేళ్లున్నారు. వాళ్ల వెంట తిరిగి తిరిగి, వాళ్లు వదిలిపోయిన పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న భాష అది. నా భార్య గ్రేస్ పోయి నాలుగేళ్లు. సాయంత్రాలు పొడుగ్గా ఉండేవి, ఈ పని వాటిని కొంచెం పొట్టి చేసింది.

పుష్పకు ఇరవై నాలుగేళ్లు. గొర్లు కాసే రామచంద్రయ్య బిడ్డ. హెవీ లైసెన్సు తీసుకుని వచ్చి, ఎనిమిది నెలలుగా గేటు దగ్గర లారీలు తూచే కాటా మీద చీటీలు రాస్తోంది. ఏడు బండ్లలో ఆరింటికి డ్రైవర్లు దొరికారు. ఏడోదాని కోసం ఆమె అడిగింది. మేనేజరు సునీల్ ఒక షరతు పెట్టాడు: సీనియర్ డ్రైవరు పరశురాం ఒక రోజు, పుష్ప ఒక రోజు, అదే బండి, అదే ముప్పై టన్నుల సిమెంటు, అదే తొవ్వ, మేళ్లచెరువు నుంచి చౌటుప్పల్ దాకా నడపాలి. పుష్ప నా తెలుగు పుస్తకం ప్రకారం నడపాలి. పరశురాం కన్నా ఒక్క చుక్క ఎక్కువ తాగించినా బండి లేదు, మళ్లీ కాటా దగ్గరికే.

సోమవారం పరశురాం నడిపాడు. నలభై ఆరు లీటర్లు. తిరిగొచ్చి, పుష్ప చదువుకుంటున్న నా పుస్తకం ఇరవై మూడో పేజీ చదివించుకుని విన్నాడు. విని పకపకా నవ్వాడు.

"దిగుడొస్తే న్యూట్రల్ కొట్టి వదులుడు నేను ముప్పై రెండేండ్ల సంది చేస్తున్నదే కద సార్! మరి జర్మనోడు కొత్తగ చెప్పిందేంది ఇండ్ల?"

పోయిన వారం ఈ కథ చెబుతూ మనం అక్కడ ఆగాం. ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇంటికి పోయి అసలు పుస్తకం తెరిచి ఆ వాక్యం మళ్లీ చదివాను. మూడుసార్లు చదివాను. బ్రేకు వేయాల్సి వచ్చేంత దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, గేరు మాత్రం అట్లాగే ఉంచి బండిని వదలమని ఉంది. నేను గేరు తీసెయ్యమని రాశాను. సరిగ్గా ఎదురు.

సర్వపిండి గొంతు దిగకపోవడం అందుకే.

*

లారీల అడ్డా దగ్గర మంచు ఇంకా తేలిపోలేదు. సునీల్ డీజిల్ ట్యాంకు మూతి దాకా నింపించి, మూతకు సీలు వేయిస్తున్నాడు. చౌటుప్పల్ బంకులో మళ్లీ మూతి దాకా నింపితే ఎంత పడితే అంత తాగినట్టు. పుష్ప టైర్లను ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూస్తోంది. పరశురాం మెడకు తువ్వాల చుట్టుకుని బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఈ రోజు ఆయన సాక్షిగా వస్తాడు. చుట్టూ మరో నలుగురు డ్రైవర్లు చాయ గ్లాసులతో నిలబడి ఉన్నారు.

"పుష్పా, ఒక మాట. సునీల్, నువ్వూ విను," అన్నాను. "ఇరవై మూడో పేజీ తప్పు."

"అచ్చు తప్పా సార్?" అన్నాడు సునీల్.

"కాదు. నా తప్పు. దిగుడులో గేరు తీయొద్దని ఉంది. నేను తీయమని రాశాను."

 పరశురాం తువ్వాలతో నోరు తుడుచుకుని, "అంటే నా ఇద్దె తీస్కపొయ్యి జర్మనోని పేరు మీద రాసిన్రా సార్?" అన్నాడు. చాయ గ్లాసులవాళ్లు గొల్లుమన్నారు.

నేనూ నవ్వాను. కానీ ఆయన నవ్వు ఎక్కువ సేపు లేదు.

"నవ్వులాట కాదు. ఈ పిల్ల మూడు వారాల సంది న్యూట్రల్ కొట్టుడే నేర్సుకున్నది. చెయ్యికి అలవాటైంది. ఇయ్యాల పరీక్ష. పరీక్ష పొద్దున పాఠం మార్సినట్టున్నది మీ పని. బండి పోతే ఎవరిది పోతది? మీది పోతదా, నాది పోతదా?"

 ఆయన అన్నది నిజం.

"వాయిదా వేద్దామా?" అని సునీల్‌ను అడిగాను.

"కష్టం సార్. లిస్టు రేపు హెడ్డాఫీసుకు పోవాలె. ఇయ్యాల తేలకపోతే ఏడో బండికి బయటోళ్లను పంపుతరు."

పుష్ప లారీ దగ్గర నుంచి నడిచి వచ్చింది. చేతులకు టైర్ల మన్ను అంటుకుని ఉంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

"ఎందుకట్ల రాసిన్రు సార్? మీకు ఆ భాష ఇంత మంచిగ వస్తది కద."

నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు. కానీ నలుగురిలోనే చెప్పాలి, ఎందుకంటే తప్పు నలుగురికీ చేరే పుస్తకంలో ఉంది.

"నాకు పెళ్లయిన కొత్త. క్రిస్మస్‌కు గ్రేస్‌ను నకిరేకల్ వాళ్ల అమ్మగారింటికి తీసుకుపోవాలి. బస్సు దొరకలేదు. ఈ పరశురామే లారీలో ఎక్కించుకున్నాడు. అప్పుడు మీసం కూడా సరిగ్గా రాలేదు ఈయనకు. సూర్యాపేట దాటినాక మూసీ దిక్కు దిగుడు వస్తుంది కదా, అక్కడ న్యూట్రల్ కొట్టాడు. పొద్దుటి నుంచి చెవులు పగిలేలా మోగిన ఇంజన్ ఒక్కసారి మెత్తబడింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. గ్రేస్ నా చెయ్యి పట్టుకుని, లారీ ప్రార్థన చేసుకుంటున్నట్టుంది అన్నది." పుష్ప దిక్కు తిరిగాను. "పుస్తకంలో 'బండిని అట్లా పోనివ్వండి' అన్న మాట చూడగానే నాకు ఆ దిగుడే కనబడింది. వాక్యం చివరి దాకా చదవకుండానే చెయ్యి న్యూట్రల్ అని రాసేసింది. తర్వాత రెండుసార్లు సరిచూసుకున్నా తప్పు కనబడలేదు. మన దిక్కు అందరూ అట్లానే దిగుతారు కాబట్టి అది తప్పులా అనిపించలేదు."

పరశురాం బీడీ వెతకడం ఆపేశాడు.

"గ్రేసక్క," అన్నాడు మెల్లగా. "దిగేటప్పుడు నా చేతుల రెండు బత్తాయిలు పెట్టింది. 'మెల్లగ పో తమ్మీ, నీకు కూడ ఇంట్ల ఎదురుసూసేటోళ్లు ఉంటరు' అన్నది. నాకప్పుడు ఎవ్వలు లేరు సార్. అయినా మెల్లగనే పోయిన."

ముప్పై ఏళ్లుగా ఈ మనిషితో రోజూ రాంరాం చెప్పుకుంటున్నాను. ఈ సంగతి నాకు ఆ పొద్దునే తెలిసింది. గ్రేస్ గురించి నాకు తెలియని కొత్త మాట ఒకటి ఇంకా ఈ లోకంలో మిగిలి ఉంది, అది ఒక లారీ డ్రైవరు దగ్గర భద్రంగా ఉంది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడికి ఇంత దొరుకుతుందని ఎవరనుకుంటారు?

పరశురాం వెంటనే గొంతు సవరించుకున్నాడు. "అక్క మాట అక్కదే గాని, గేర్ల ఉంచితే ఇంజన్ గుర్రుమంటది. గుర్రుమంటే డీజిల్ తాగుతాందన్నట్టు. గిది క్లీనర్ పోరలకు కూడ ఎరుక."

పుష్ప నా దిక్కు చూసింది. "ఇప్పుడు చెప్పేది ఖరారేనా సార్?"

"ఖరారే."

ఆమె చేతుల మన్ను దులుపుకుంది. "తప్పు నాదని నలుగుట్ల నిలవడి చెప్పినోళ్ల మాట మీద బండి నడపొచ్చు. ఎక్కున్రి. పొద్దెక్కుతాంది."

*

పుష్ప స్టీరింగ్ ముందు, అలవాటుగా కుడి దిక్కు నుంచే ముందెక్కిన పరశురాం నడుమ, నేను కిటికీ పక్కన. ఇది పరశురాం బండి. మీటర్ల మధ్య చిన్న తెర ఒకటి ఉంది. దాని కాంతి కళ్లల్లో కొడుతుందని ఆయన దాని మీద ఎల్లమ్మ తల్లి బొమ్మ అంటించాడు. నేర్చుకునే రోజుల్లో కూడా పుష్ప దాన్ని ముట్టుకోలేదు.

కోదాడ దగ్గర జాతీయ రహదారి ఎక్కాం. మొదటి చడావు రాగానే పుష్ప గేరు మార్చి, తొక్కాల్సినంత గట్టిగా తొక్కి ఎక్కించింది.

"ఇంజన్ మీద గంత లోడ్ ఏస్తవేందే?" అన్నాడు పరశురాం.

"ఏసుకోవాలె కాకా. తక్కువ తిరగాలె, ఎక్కువ గుంజాలె. అప్పుడే తిన్నదానికి పని చేస్తదంట. సార్ రాసిన్రు."

ఇంజన్ లోడ్ అనే ఆ మాట దగ్గర నేను నాలుగు రోజులు కూర్చున్నాను. జర్మన్‌లో దాన్ని 'మోటర్‌లాస్ట్' అంటారు. లారీలో నింపిన బరువు కాదు అది. ఆ నిమిషంలో ఇంజన్ తన బలంలో ఎంత పెడుతుందో, అది. చివరికి 'ఇంజన్ దమ్ము' అని రాశాను. ఖాళీ లారీ అయినా చడావు మీద ఉరికిస్తే దమ్మంతా పెట్టాలి. నిండు లారీ అయినా దిగుడులో దమ్ము అక్కర్లేదు.

మునగాల దాటినాక రోడ్డు ఖాళీగా ఉంది. పుష్ప ఉన్నట్టుండి కాలు తీసింది. బండి గేరులోనే తనంతట తాను నెమ్మదించింది.

"ఏమాయె? తొవ్వ సాఫ్‌గనే ఉన్నది కద," అన్నాడు పరశురాం.

"గా బస్టాపు కాడ ముసలామె సంచి నెత్తికెత్తుకున్నది కాకా. మనెనక బస్సు లేదు. అంటే ఆమెకు పక్క తొవ్వల వచ్చేది కనవడ్డది."

ఆ మాట అంటుండగానే పక్క రోడ్డులోంచి ఎర్రబస్సు ముక్కు బయటపెట్టి, మా ముందు అడ్డంగా తిరిగింది. పుష్పకు బ్రేకు ముట్టుకునే పని పడలేదు.

పరశురాం మెడ తిప్పి ఆమెను చూశాడు. "ఎవరు నేర్పిన్రే గిది?"

"మా బాపు. మందను రోడ్డు దాటిచ్చేటప్పుడు ముంగటి గొర్రెను చూడకు, అది దేన్ని చూస్తాందో దాన్ని చూడు అంటడు."

నేను జేబులోంచి పెన్ను తీసి ఆ మాట అరచేతి మీద రాసుకున్నాను. పుస్తకంలో 'ముందుచూపుతో నడపడం' అని ఎండిపోయిన మాట ఒకటి రాసి ఉంది నాది. రామచంద్రయ్య దాన్ని ఎన్నడూ వినకుండానే సరిదిద్దాడు.

*

సూర్యాపేట దాటింది. దూరంగా మూసీ వంతెన కనబడింది. రోడ్డు వంగి కిందికి దిగడం మొదలుపెట్టింది.

పుష్ప చెయ్యి గేరు రాడ్డు మీదికి పోయింది. మూడు వారాల అలవాటు.  వేళ్లు రాడ్డును పట్టుకుని ఉన్నాయి. ముప్పై టన్నులు వెనక నుంచి నెడుతున్నాయి.

"కొట్టు న్యూట్రల్!" అన్నాడు పరశురాం. "ఏం చూస్తున్నవ్? డీజిల్ పోతాంది!"

ఆమె చెయ్యి తీసి మళ్లీ స్టీరింగ్ మీద పెట్టుకుంది. కాలు మాత్రం పూర్తిగా తీసేసింది. ఇంజన్ సన్నగా, పొడుగ్గా మూలిగింది. బండి ఎవరో వెనక నుంచి తోక పట్టుకుని ఆపినట్టు నిదానంగా దిగుతోంది.

"ఇను, ఇను! ఎట్ల గుర్రుమంటాందో. తాగుతాంది, తాగుతాంది. పోయింది నీ బండి," అని పరశురాం తువ్వాలను తొడ మీద కొట్టుకున్నాడు. నిజం చెబితే ఆయన గొంతులో గెలుపు లేదు. ఆ పిల్ల ఓడిపోతుందని దిగులే ఉంది. ఆ సంగతి ఆయనకే ఇంకా తెలియదు.

"పరశురాం, ఎంత తాగుతుందో అంకె కనబడుతుంది," అన్నాను. "ఆ తెర మీద."

ఆయన ఎల్లమ్మ బొమ్మ దిక్కు చూశాడు. పుష్ప రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. బండి కొంచెం కొంచెంగా దిగుతోంది.  ఆ బొమ్మ తీసే హక్కు మా ఇద్దరికీ లేదు.

పరశురాం తువ్వాలతో రెండు చేతులూ తుడుచుకున్నాడు. బొమ్మను ముట్టి కళ్లకద్దుకున్నాడు. గోటితో ఒక మూల లేపి, చిరగకుండా మెల్లగా ఊడదీసి, "జర పైన కూసో తల్లీ," అంటూ అద్దం పైభాగాన అంటించాడు.

తెర మీద ఒకే అంకె ఉంది. సున్నా.

"ఇది చెడిపోయిందా?" అన్నాడు.

"లేదు. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయి. దానికి డీజిల్ అక్కర్లేదు. కాలు తీయగానే పంపు మూసుకుంది."

"మరి గుర్రుమనుడు?"

"తాగుతున్న చప్పుడు కాదది. బండిని పట్టి ఆపుతున్న చప్పుడు."

ఆయన ముందుకు వంగి తెరకు ముఖం ఆనించినట్టు కూర్చున్నాడు. వంతెన వచ్చింది. సున్నా. వంతెన నడుమకు వచ్చాం. ఇంకా సున్నానే. అప్పుడాయన తల ఎత్తి, ముక్కు ఎగబీల్చాడు. మళ్లీ ఎగబీల్చాడు.

"వాసన లేదేంది ఇయ్యాల?"

"ఏం వాసన కాకా?" అంది పుష్ప.

"మూసీ కాడ ఎప్పటికి ఓ మాడు వాసన వస్తది. పట్నం మురికి ఏట్ల కలిసి వస్తదనుకుంట. ముప్పై రెండేండ్ల సంది ముక్కు మూస్కొని దాటుతున్న గీ వంతెన."

పుష్పకు ముందు అర్థమైంది. పెదవి బిగబట్టి నవ్వు ఆపుకోబోయింది, ఆపుకోలేకపోయింది.

"కాకా... అది ఏటి వాసన కాదు. నీ బ్రేకులయి!"

 న్యూట్రల్‌లో వదిలేస్తే బండిని ఆపాల్సింది బ్రేకులొక్కటే. అవి దిగుడు పొడుగునా కాలి, సరిగ్గా వంతెన దగ్గరికి వచ్చేసరికి వాసన కొట్టేవి. పాపం ఆ ఏరు చేసిన తప్పులు దానికున్నాయి. ఇది మాత్రం దానిది కాదు.

"మూసీ తల్లీ, నిన్ను ఎన్ని తిట్లు తిట్టిన్నే!" అని పరశురాం కిటికీలోంచి ఏటికి దండం పెట్టాడు. అంతే, ముగ్గురం నవ్వడం మొదలుపెట్టాం. నా కళ్లద్దాలు మసకబారాయి. పుష్ప ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, "నవ్వియ్యకు కాకా, స్టీరింగ్ కదులుతాంది," అంటోంది.

కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు పరశురాం తెర మీద మళ్లీ వేలు పెట్టాడు. "ఇప్పుడు నిలవడ్డం. గంటకు రెండు లీటర్లని చూపెడతాంది. కదలకున్నా తింటాందా?"

"అవును. న్యూట్రల్‌లో దిగేటప్పుడు కూడా ఇంతే. ఆగిపోకుండా ఉండటానికి తింటూ ఉండాలి."

ఆయన ఆలోచించాడు. "అంటే న్యూట్రల్ల ఇంజను ఇల్లరికపుటల్లుడన్నట్టు. పని లేకున్నా పూటపూటకు పెట్టాలె. గేర్ల ఉంటె ఇంటి ఎద్దు. బండిని ఆపుతది, మేత అడగదు."

అది కూడా అరచేతి మీద రాసుకున్నాను. జాగా సరిపోక మణికట్టు దాకా వచ్చింది.

*

చౌటుప్పల్ బంకు దగ్గర సునీల్ ముందే వచ్చి నిలబడ్డాడు. సీలు చూశాడు, మూత తీయించాడు. బంకు మీటరు తిరగడం మొదలైంది. ముప్పై దాటింది. ముప్పై ఎనిమిది. నలభై. పుష్ప మీటరు దిక్కు చూడకుండా వీపు తిప్పి నిలబడి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటోంది. నలభై ఒకటి. నలభై రెండు. పరశురాం పెదవులు కదులుతున్నాయి. ఆయన తన అంకె రావద్దని మొక్కుకుంటున్నాడని నాకు తెలిసింది. తన రికార్డు పోవాలని మొక్కుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

నలభై రెండున్నర దగ్గర డీజిల్ మూతికి వచ్చి మెరిసింది.

"ఆగింది," అన్నాడు సునీల్.

పుష్ప వెనక్కి తిరిగింది. అంకె చూసింది. అరవలేదు, గెంతలేదు. వెంటనే ఫోను తీసి, "అవ్వా, బండి నాదే," అన్నది. అవతల నుంచి సత్తమ్మ ఏమన్నదో గాని, పుష్ప నవ్వి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. "సారూ, సర్వపిండి కారంగ లేదు కద?" అని అడుగుతోంది ఆమె.

"లేదమ్మా, ఇంకో సగం ఉంది. ఇప్పుడు తింటాను," అన్నాను. అక్కడే, బంకు గోడ పక్కన నిలబడి తిన్నాను. చల్లారినా అంచులు కరకరలాడాయి.

సునీల్ చెయ్యి కలిపి అభినందించాడు. కానీ ఆయన ముఖంలో ఏదో మిగిలి ఉంది.

"బండి నీదే పుష్పా. కాని ఒక రూలున్నది. కొత్త డ్రైవరు మొదటి నెల ఒక్కరే పోవద్దు. పక్కకు ఒక సీనియర్ సెకండ్‌గ ఉండాలె. రేపు పొద్దున ఏడో బండికి మహబూబ్‌నగర్ లోడున్నది. అయిదింటికల్లా రిజిస్టర్ల సెకండ్ పేరు ఉంటేనే గేటు తీస్తరు."

"ఎవరుంటరు సార్?" అంది పుష్ప.

అడ్డాలో ఎవరున్నారో కనుక్కుందామని సునీల్ ఫోను తీశాడు.

లారీల లోకంలో ఉస్తాద్ అయినవాడు సెకండ్‌గా పోడు. సెకండ్ అంటే ఎడమ దిక్కు కూర్చునేవాడు, రివర్స్ వచ్చినప్పుడు కిందికి దిగి చెయ్యి ఊపేవాడు, నట్లు విప్పే పాన తెచ్చిచ్చేవాడు. ఒకసారి స్టీరింగ్ పట్టినవాడు మళ్లీ ఎడమ దిక్కు పక్క వేసుకుంటే అడ్డాలో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అందులో ఒక ఆడపిల్లకు సెకండ్!

సిమెంటు దింపి వెనక్కి మళ్లాం. వచ్చేటప్పుడు పరశురాం నడిపాడు. ఖాళీ బండి. ప్రతి దిగుడులో గేరు అట్లాగే ఉంచి, తెర మీద సున్నా వచ్చిన ప్రతిసారీ మా ఇద్దరికీ చూపించాడు. 

మేళ్లచెరువు చేరేసరికి దీపాలు పెట్టారు. అడ్డాలో సునీల్ ఒక్కొక్కరినే అడిగాడు. ఒకరికి మోకాలి నొప్పి. ఒకరి మేనకోడలి పెళ్లి. ఒకరికి మహబూబ్‌నగర్ నీళ్లు పడవట. "పాలమూరు నీళ్లు పడకపోవుడేందన్నా, నిరుడు నాలుగు నెలలు ఆడనే ఉంటివి కద," అని పుష్ప అంటే, "గప్పుడే పడలే బిడ్డా," అన్నాడు. అందరూ నవ్వారు. పుష్ప కూడా నవ్వింది. కానీ తర్వాత పోయి ఏడో బండి ముందు చక్రానికి ఆనుకుని కూర్చుంది. కొత్త బండి, టైర్ల మీద నూగు కూడా పోలేదు.

పరశురాం దిక్కు చూశాను. ఆయన అక్కడ లేడు.

"రేపు పొద్దున్నే వస్త సార్," అంది పుష్ప లేచి. "సెకండ్ దొరికినా, దొరకకున్నా వస్త. దొరకకుంటే బండి కడిగి పోత." మా ఇంటి దాకా సైకిల్ మోటారు మీద దింపుతానన్నది. నడుస్తానని చెప్పి పంపించాను. ఆమె లైటు మలుపు తిరిగే దాకా చూశాను.

ఎనిమిది అవుతోంది. గేటు దాకా పోయి, సంచి బెంచీ మీద మరిచానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. అప్పుడు కనబడ్డాడు పరశురాం. తన బండిలోంచి దిగుతున్నాడు. చంకలో చాపలో చుట్టిన పరుపు, చేతిలో నీళ్ల క్యాను. తన బండి తాళం సునీల్ ఆఫీసు కిటికీలో పెట్టాడు. ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాడు. నేను చింతచెట్టు నీడలో ఉన్నాను, కదల్లేదు.

ఆయన ఏడో బండి చుట్టూ తిరిగి ఎడమ దిక్కుకు పోయాడు. ముందు పరుపు పైకి వేశాడు. తర్వాత, ముప్పై రెండేళ్లలో ఎన్నడూ ఎక్కని దిక్కు కాబట్టి కాబోలు, మెట్టు కోసం కాలితో రెండుసార్లు వెతుక్కుని ఎక్కాడు.

లారీ తలుపులు దబ్బుమని వేస్తేనే పడతాయి. అడ్డాలో ఏ రాత్రయినా ఆ చప్పుళ్లు వినబడుతూనే ఉంటాయి. పరశురాం మాత్రం లోపల నుంచి రెండు చేతులతో తలుపు పట్టుకుని, కొద్దికొద్దిగా గుంజి, గడియ పడిన చప్పుడు కూడా బయటికి రాకుండా ఆ రాత్రికి మూసుకున్నాడు.